క్వాంగ్ కమ్మరి మేకులు

చైనాలో మా లైయాంగ్ ఊళ్లో క్వాంగ్ దెషెంగ్ నోటికి జడవనివాడు లేడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. రైలు మార్గం మా ఊరి మీదుగా వేస్తున్నారని తెలిసి, పట్టాలకు దిగ్గొట్టే మేకులు పన్నెండు చేసి, గుడ్డలో చుట్టుకుని రైలు ఆఫీసుకు వెళ్లాడు.

గుమాస్తా ల్యావ్ వాటిని చేత్తో ముట్టలేదు.

“ఇంగ్లీషువాళ్లు తిరిగిచ్చిన యుద్ధ జరిమానా డబ్బుతో ఈ లైను వేస్తున్నారన్నా. సరుకు వాళ్ల దేశంలోనే కొనాలని రూలు.”

“ఆ జరిమానా కట్టిందెవడ్రా?”

“మనమే.”

“ఆ జరిమానా కోసమే మా అమ్మ ఉప్పు కొన్నప్పుడల్లా పన్ను కట్టింది, ముప్పై ఏళ్లు! జేబు కొట్టేసినోడు ఆ డబ్బిచ్చి, నా కొట్లోనే కొనుక్కో అంటే, అది తిరిగివ్వడమా?”

“నా మీద అరిస్తే రూలు మారుద్దా?”

వసంతంలో ఇంగ్లండు నుంచి మేకులు తెచ్చే ఓడ ఆలస్యమైంది. మేకుల్లేక పని ఆగింది. అప్పుడు ల్యావే కొలిమి దగ్గరికి వచ్చాడు.

“కొత్తవి కొనకూడదు గానీ, వంగినవి బాగు చేయించుకోవచ్చు. నువ్వు కొత్తవే చెయ్యి. మేం మరమ్మతని రాసుకుంటాం.”

“దొంగపని నాతో చేయిస్తావా?”

లోపలి నుంచి భార్య యువె అంది: “ఒప్పుకోవయ్యా. బియ్యం నిండుకున్నాయి.”

ఒప్పుకున్నాడు. ఆరువందల మేకులు చేశాడు. ప్రతి దాని తల మీదా తన ఇంటిపేరు అక్షరం గుద్దాడు.

నెల తర్వాత తనిఖీకొచ్చిన దొర ఆ అక్షరాలు చూశాడు. ల్యావ్ పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆకురాయితో ఆ ముద్రలు అరగదీసెయ్. మేకుల్ని ఉండనిస్తారట.”

“అరగదీస్తే అవి లండన్లో పుట్టినట్టా? పో!”

మేకులన్నీ పీకించి గట్టు కింద పారేశారు. కూలి ఒక్క రాగి నాణెం కూడా ముట్టలేదు.

“నీ పేరు ఉడకేసి పెట్టమంటావా ఈ పూట?” అంది యువె.

మర్నాడు ఆమే కావడి భుజానికెత్తుకుని గట్టు వైపు నడిచింది. అతను రెండో కావడి తీసుకుని వెనకే వెళ్లాడు. మోసుకొచ్చిన ఇనుముతో గొడ్డళ్లు, పారలు చేసి సంతలో అమ్మారు. వానాకాలం వరకు చిలగడదుంపలే తిన్నారు.

మొదటి రైలు చూడ్డానికి యువె వెళ్లింది. ఎలా ఉందని అతను అడగలేదు. “బాగుంది,” అని ఆమే చెప్పింది.

“ఉంటుందిలే. మన ఉప్పు తిన్నదేగా,” అన్నాడు.