ఒంటిగంట ఐదుకు దిగాల్సిన విమానం

గద్వాలలో మగ్గం నేసే బుచ్చన్నకు అరవై రెండేళ్లు. ఆయన చేసిన ప్రయాణాల్లో పెద్దది కల్వకుర్తి. ఒక పెళ్లికి పోయి, బస్సు తప్పిపోయి, ఇక మళ్లీ పోనని ఒట్టు పెట్టుకున్నాడు. అలాంటి మనిషి భార్య అనంతమ్మ మొన్న డిసెంబరులో లండన్ పోయింది.

పట్టు అంచును నూలు చీరకు మగ్గం మీదే కలిపే పనిలో ఆమె చేతికి పేరుంది. అక్కడి చేనేత ప్రదర్శనలో ఆ పని చేసి చూపించమని ఒక సంస్థవాళ్లు ఆమెను పిలిచారు. తోడుగా ఆ సంస్థలో పనిచేసే సుహాసిని మేడం వెళ్లింది. బుచ్చన్నను పిలవలేదు. అడిగినవాళ్లకు ఆయన, మగ్గం దగ్గర ఒకరుండాలి కదా అని చెప్పాడు.

టికెట్ నకలును గోడకు అంటించుకున్నాడు. శంషాబాదులో పొద్దున ఏడూ నలభై ఐదుకు ఎక్కడం, లండన్‌లో ఒంటిగంట ఐదుకు దిగడం. వేళ్ల మీద లెక్కేస్తే ఐదు గంటల ఇరవై నిమిషాలు. కల్వకుర్తి పోయి రావడానికి ఆయనకు అంతకంటే ఎక్కువే పట్టింది. ఈ లెక్కన లండన్ మరీ దూరమేమీ కాదని నిశ్చింతగా ఉన్నాడు.

దిగగానే ఫోన్ చేస్తానంది అనంతమ్మ. ఆమె మాట విన్నాకే తిందామని బుచ్చన్న గిన్నె మూత తీయలేదు. ఒంటిగంట ఐదు అయింది. రెండు దాటింది. మగ్గం మీద పోగు మూడుసార్లు తెగింది. మూడు గంటలకు లేచి, బస్టాండు దగ్గర టికెట్లు తీసే సందీప్ దుకాణానికి నడిచాడు.

సందీప్ కంప్యూటర్ తెర తిప్పి చూపించాడు. చిన్న విమానం బొమ్మ నల్ల సముద్రం మీద ఉంది.

"ఏడువేల ఏడువందల కిలోమీటర్లు కాకా. పదకొండు గంటలకు జర తక్కువ. టికెట్ల ఉన్నది లండన్ టైము. ఆడ గడియారం మనకంటె ఐదున్నర గంటలు ఎనకుంటది."

బుచ్చన్న మళ్లీ వేళ్ల మీద లెక్కేశాడు. "మరి ఆ ఐదున్నర గంటలు ఎవరు తీస్కున్నరు?"

"ఎవరూ తీస్కోలే. వచ్చేటప్పుడు సరిపోతది."

బొమ్మ కదలడం లేదన్నాడు బుచ్చన్న. కదులుతోందన్నాడు సందీప్. ఆ సంగతి తేల్చుకోవడానికి బుచ్చన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వనపర్తి బస్సు కోసం నిలబడ్డవాళ్లు లోపలికి తొంగిచూస్తే, ఇంకా రెండువేల కిలోమీటర్లు ఉందని, తర్వాత వచ్చినవాళ్లకు పన్నెండు వందలని చెప్పాడు. వాళ్లెవరూ అడగలేదు. సందీప్ రెండుసార్లు చాయ్ తెప్పించాడు. బుచ్చన్న కప్పు పట్టుకున్నాడే గాని తెర మీంచి చూపు తిప్పలేదు.

ఆరూ ముప్పై ఐదుకు బొమ్మ ఆగింది. ఏడింటికి ఫోన్ మోగింది.

"దిగినం," అంది అనంతమ్మ. "సుహాసిని మేడం నా పక్కనే ఉంది. చెయ్యి కొంకర్లు పోయే చలి. నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాడు.

"ఏం కూర?"

బుచ్చన్నకు చప్పున ఏ కూరా గుర్తు రాలేదు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని నేసిన మనిషికి ఆ కొద్దిపాటి మౌనం చాలు. ఆమె అటునుంచి ఏదో గట్టిగా అనబోతుంటే, ఆయన అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు ఆడ ఎంతయితుంది?"

"ఒంటిగంటన్నర."

"మరి ఇంక పగటన్నం యాళ్ల దాటలేదు గద," అన్నాడు బుచ్చన్న. ఫోన్ పెట్టేసి అన్నం తినడానికి ఇంటికి పోయాడు.