బాబాయి బీచికి నేను రాసిన బోర్డు

హయత్‌నగర్ దాటాక ఒక బీచి ఉండేదంటే మీరు నమ్మరు. దాన్ని నేనొక్కదాన్నే, చిన్న కుంచెతో, కోర్టు గుమ్మం దాకా ఈడ్చానంటే అసలే నమ్మరు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ మా బాబాయి ఊరి బయట ఈతకొలను తవ్వించి, ఒడ్డున నాలుగు లారీల ఇసుక పోయించి, ‘ప్రైవేటు బీచి’ అన్నాడు. సముద్రం తప్ప అన్నీ ఉన్నాయి.

“రోజూ బందులే! ఈ ఉద్యమం ఎప్పుడు ఆగుతుందో, జనం ఎప్పుడొస్తారో!” అని ఆయన ఒకటే గొణుగుడు.

ఒకరోజు నన్ను పిలిచాడు. నేను బడి మొహం చూడలేదు. నాన్నగారే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. ఆయన పుణ్యాన నా రాత గుండ్రంగా ఉంటుంది.

“అమ్మాయ్, పడితే మా బాధ్యత కాదని ఓ బోర్డు రాసిపెట్టు.”

“ఎందుకు పడతారు బాబాయ్?”

“కొలను మూడో మెట్టు మీద నాచు. నిన్న ఇద్దరు జారారు. గీకించే తీరికేదీ?”

సగం నిజం రాస్తే దేవుడు మెచ్చడనిపించింది. మొత్తం రాశాను: ‘మూడో మెట్టు మీద నాచు ఉంది. నిన్న ఇద్దరు జారారు. గీకించే తీరిక యజమానికి లేదు. పడితే బాధ్యత మాది కాదు.’ చుట్టూ తామరపూల ముగ్గు కూడా వేశాను. బాబాయి ముగ్గు చూసి మురిసిపోయాడు. రాత చదవలేదు.

మర్నాడే ఎల్బీ నగర్ కోర్టు లాయరు యాదగిరిగారు వచ్చారు. ఉద్యమం కోసం లాయర్లంతా కోర్టులు బహిష్కరించారు కనుక ఆయనకు బోలెడు తీరిక. మూడో మెట్టు మీద కాలు పెట్టారు. మరుక్షణం రెండు కాళ్లూ ఆకాశానికి దండం పెట్టాయి. చెయ్యి విరిగింది.

“చూడండి సార్, ముందే రాశాం!” బాబాయి బోర్డు చూపించాడు.

లాయరుగారు పడుకునే చదివారు. అంత నొప్పిలోనూ ఆయన మొహం వెలిగిపోయింది.

“గిది ఎవరు రాసిన్రు?”

“నేనేనండీ.”

“సల్లగుండు బిడ్డా! బాధ్యత లేదని రాస్తే పోతదా? నాచు ఉన్నదని తెల్సు, జారుతరని తెల్సు, అయినా గీకలే. ఇగ నాకు వేరే సాక్ష్యం ఎందుకు? కోర్టు షురూ కాంగనే మొదటి కేసు గిదే!”

ఆ రోజుతో బాబాయి మారిపోయాడు. పొద్దున్నే పేపరు పట్టుకుని, “లాయర్లు ఇవాళా కోర్టుకు వెళ్లలేదుగా?” అని అడిగేవాడు. వెళ్లలేదంటే కొబ్బరికాయ కొట్టేవాడు. లాయర్ల పోరాటం నిర్విఘ్నంగా సాగాలని చంపాపేట్ గుళ్లో పూజ చేయించిన కోస్తా మనిషి, నాకు తెలిసి, ఈయనొక్కడే. వాళ్ల ధర్నా శిబిరానికి బిందెలతో మజ్జిగ కూడా పంపాడు.

అయినా బహిష్కరణ ముగిసింది. లాయరుగారు వచ్చారు.

“మజ్జిగ మంచిగుండె సారూ. ఇంతకూ నాచు గీకించిన్రా?”

బాబాయి అన్నాడు, “పూజల హడావిడిలో తీరికేదండీ?”

“నా చెయ్యి అతుక్కున్నది. ఇంకొకరిది ఇర్గొద్దు. నా ముంగట గీకున్రి, కేసు ఇడ్శిపెడ్త.”

బాబాయీ నేనూ చెరో బ్రష్షు పట్టుకున్నాం. పావుగంట పట్టింది.

ఆ తడి మెట్టు మీదే కూర్చుని, మమ్మల్ని కాచిన భగవంతుడికి దండం పెట్టి, ఒట్టు వేసుకున్నాను: ఇక ఎవరు బోర్డు రాయమన్నా ముందు చీపురు అడుగుతాను, ఆ తర్వాతే రంగు.