లారీ తాగాల్సిన నీళ్ళు

నా చిన్నప్పుడు, లారీకి కూడా దప్పిక వేస్తుందని నాకు మొదట చెప్పింది మా మామ. మా అమ్మకు తమ్ముడు. మదనపల్లె నుంచి కుప్పానికి టమాటా లోడు తోలేవాడు. లారీ ఆయనది కాదు, ఒక సావుకారుది. అయినా పొద్దున్నే దాని ముందు భాగం మీద చెయ్యి వేసి నిమిరిన తర్వాతే ఎక్కేవాడు, మేము ఆవును పితికే ముందు నిమిరినట్టు.

నేను చదివింది మూడో తరగతి వరకే. బడి మానిపించిన ఏడాదే కుప్పంలో మా పెద్దమ్మ కూతురికి కాన్పయింది. పసిబిడ్డను ఎత్తుకోవడానికి నన్ను పంపాలనుకున్నారు. మామ లారీ ఎటూ పోతోంది కదా, బస్సు ఛార్జీ ఎందుకు దండగ అని అందులోనే ఎక్కించారు. ఆ రోజు క్లీనరుకు జ్వరం, రాలేదు.

"మ్మే, ఈ పొద్దు నువ్వే నా క్లీనరు" అన్నాడు మామ. "ఇంజను వేడి సూపించే ఆ ముల్లును సూస్తా ఉండు. ఎర్ర గీత పక్కకు పోతే కేకెయ్యి. డబ్బాలో నీళ్ళుండాయే, అవి మనవి కాదు, బండివి. దప్పికైనా తాగొద్దు."

నాకు ఎంత గర్వమో. పుంగనూరు దాకా ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు.

పుంగనూరు దాటే ముందు టీ తాగడానికి ఆపాడు. రోడ్డు పక్కన గూటానికి ఒక పొట్టి ఆవును కట్టేశారు, మా సీమలో పుట్టే చిన్న జాతి ఆవు. పక్కనే దూడ. వానలు లేని సంవత్సరం అది. తొట్టి ఎండిపోయి ఉంది, ఆవు ఆ రాతిని నాకుతోంది. దప్పికతో ఉన్న పశువును చూసి నీళ్ళు పెట్టకుండా దాటిపోకూడదని మా ఇంట్లో కట్టుబాటు. విప్పి ఉన్న పశువు వెతుక్కుంటుంది, కట్టేసిన పశువుకు మనిషే దిక్కు అనేది మా అవ్వ. నేను డబ్బా దించి నీళ్ళన్నీ తొట్టిలో పోశాను. ఆవు తల ఎత్తకుండా తాగింది. ఖాళీ డబ్బాకు మూత పెట్టి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మామ వచ్చి ఎక్కుతూ నవ్వుతూ అడిగాడు. "నీళ్ళు ఉండాయా క్లీనరమ్మా?"

ముట్టుకోవద్దన్న నీళ్ళు కదా, తిడతాడని భయం వేసింది.

"నిండుగా ఉండాయి మామా" అన్నాను.

పలమనేరు దాటాక ఒక ఎగువ ఎక్కేటప్పుడు ముల్లు ఎర్ర గీత వైపు పోయింది. అరిచాను. మామ చింతచెట్టు నీడకు బండిని చేర్చాడు కానీ వెంటనే ఇంజను ఆపలేదు. "గబుక్కున ఆపితే లోపలి నీళ్ళు ఆడికాడే ఉడుకుతాయి. రవ్వంత ఊపిరి తీసుకోనీ" అన్నాడు. కాసేపటికి ఆపాడు. వేడి మీద రేడియేటరు మూత తీస్తే ఆవిరి మొహం కాలుస్తుందని నన్ను దూరంగా కూర్చోబెట్టాడు. చాలాసేపు ఆగి, గోనె మడిచి వేసి మెల్లగా మూత తిప్పాడు. తర్వాత డబ్బా అందుకున్నాడు.

బరువుంటుందనుకొని ఎత్తిన చెయ్యి ఖాళీ డబ్బాతో భుజం దాకా లేచిపోయింది. ఇది జరిగి అరవై ఏళ్ళు దాటినా ఆ చెయ్యి అలా లేవడం నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఏడుస్తూ ఆవు సంగతి చెప్పాను.  మామ డబ్బా పట్టుకొని నీళ్ళ కోసం చేలకు అడ్డంపడి వెళ్ళాడు. బావులన్నీ అడుగంటి ఉన్నాయి. ఎవరో ముసలామె తన తాగే కుండలోంచి రెండు చెంబులు పోసిందట. అవి చాలవు. ఇంకో లారీ వచ్చేదాకా ఆగుదామన్నాడు. నేను ఆగనివ్వలేదు. ఆకలైతాంది, భయమైతాంది, అక్క దగ్గరికి పోదామని ఒకటే రాగం. నా ఏడుపు వినలేక మామ బండి తీశాడు. రెండో ఎగువలో, పొయ్యి మీద కుండ పగిలినట్టు ముందు నుంచి ఒక శబ్దం వచ్చింది. లారీ మళ్ళీ కదలలేదు.

కబురందుకొని పొద్దు వాలేటప్పటికి సావుకారు వచ్చాడు. "నీళ్ళు సూసుకోకుండా తోల్తావంట్రా? కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అని చుట్టూ చేరిన జనం ముందు అరిచాడు.

"నాదే తప్పప్పా. మరిసిపోయినా" అన్నాడు మామ. తాళంచెవి ఇచ్చేశాడు.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నాకు నోరుంది. తెరవలేదు.

ఆ తర్వాత మామను నమ్మి ఎవరూ బండి ఇవ్వలేదు. మదనపల్లె మార్కెట్లో టమాటా గంపలు మోశాడు. నెత్తిన గంపతో పోతూ కూడా లారీ చప్పుడు వింటే ఆగి, దీనికి నీళ్ళు తగ్గినాయి అనేవాడట. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. నా పెళ్ళికి వచ్చినప్పుడు కాళ్ళకు మొక్కి, ఆ నీళ్ళ మాట ఎత్తాను.

"దప్పికైన ఆవుకు పోసినావు, దాంట్లో తప్పు లేదమ్మా. నాతో ఒక మాట సెప్పింటే పుంగనూర్లోనే మళ్ళీ పట్టుకునేటోణ్ణి. అంతే" అన్నాడు.

ఆ 'అంతే' నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. సావుకారుకు నిజం చెప్పి రావాలని ఎన్నోసార్లు అనుకున్నాను. సావుకారు పోయాడు, మామా పోయాడు. పోయేనాటికి ఆయన మెడ గంపల బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయి ఉండింది.

ఇప్పుడు నా మనవడు లారీ తోలుతున్నాడు. దానికి క్లచ్చు లేదు, గేర్లు అవే పడతాయి. ముళ్ళు రెండు, ఒకటి ఇంజనుకు, ఒకటి గేరు ఆయిలుకు. ఎగువలో దాని ఇష్టానికి వదిలేస్తే గేర్లు ఊరికే మార్చి మార్చి ఆయిలు కాగిపోతుందట. అందుకని వాడే చిన్న గేరులో నిలిపి మెల్లగా ఎక్కిస్తాడు. అయినా కాగితే పక్కకు ఆపి, గేరు తీసేసి, ఇంజనును కాసేపు అట్లే తిరగనిస్తాడు. రవ్వంత ఊపిరి తీసుకోనీ అన్న మామ మాట, ఒకసారి వాడి పక్కన కూర్చొని పోయినప్పుడు, నాకు మళ్ళీ వినిపించింది.

"దీంట్లో నీళ్ళు పొయ్యరవ్వా, కూలెంటు. ఏం తక్కువైనా బండే సెప్తాది" అన్నాడు వాడు.

"బండి సెప్తాది లేరా. మనిసి సెప్పాల" అని కసిరాను. ఎందుకు కసిరానో వాడికి తెలియదు. ఆ రోజే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అంతవరకూ మామకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి వాడు బయలుదేరే ప్రతిసారీ ఒక డబ్బా నీళ్ళు నింపి నేనే లారీలో పెడతాను. దారిలో కట్టేసిన పశువు కనిపిస్తే పోయడానికి. వాడు స్టీరింగు ముందు కూర్చొని అడుగుతాడు, "నీళ్ళు ఉండాయా అవ్వా?" అని. నేను డబ్బాను ఒకసారి ఎత్తి చూస్తాను. బరువుకు నా చెయ్యి కిందికి లాగిన తర్వాతే, నిండుగా ఉండాయి అంటాను.