యేసుదానం గారి లాగుడు వ్యాను

ఉక్కునగరంలో క్రేను నడిపి రిటైరైన యేసుదానానికి లోకంలో దేన్ని చూసినా ఒకటే సందేహం: "లాగుతాదేటి?"

కూతురి పెళ్ళిచూపుల్లో కుర్రాడి చదువు, ఉద్యోగం వదిలేసి, "బాబూ, సంసారం లాగుతావేటి?" అన్నాడు. పాపం, ఆ కుర్రాడు జీడిపప్పు ఉప్మా కూడా లాగించకుండా వెళ్ళిపోయాడు.

అలాంటి మహానుభావుడు పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో గోపాలపట్నం పాత బళ్ళ బ్రోకరు వీర్రాజు నెత్తిన పడ్డాడు.

"మంచం, పొయ్యి ఉన్న పాత వ్యాను కావాలి బావా."

"ఊళ్ళు తిరుగుతావేటి?"

"ఊళ్ళెవుడు తిరుగుతాడు? ఎనకాల బరువు కట్టి లాగాలి."

ఉన్న ఇల్లు చాలక ఇంకో ఇంటికి చక్రాలు తగిలించి, దాని వెనక ఈయన ఏం కట్టుకుంటాడో వీర్రాజుకు అంతుపట్టలేదు. అత్తగారినా?

మొదటిది సినిమావాళ్ళ వ్యాను. మెత్తటి పరుపు, మఖమలు తెరలు. యేసుదానం లోపలికి తొంగి కూడా చూడలేదు. సంచిలోంచి తాడు తీసి, ఆగి ఉన్న ఇసుక లారీకి కట్టాడు.

"పోనియ్!"

వీర్రాజు పోనిచ్చాడు. వ్యాను వచ్చింది. దాని వెనక బంపరు మాత్రం లారీ దగ్గరే ఉండిపోయింది.

"సూసావా? లాగలేదు," అని యేసుదానం శాస్త్రవేత్తలా తేల్చాడు.

రెండోది లారీని లాగబోయి, పొగతో గోపాలపట్నం అంతటికీ ఉచితంగా దోమల మందు కొట్టింది.

మూడోది వైద్య శిబిరాలకు తిరిగిన తుప్పు వ్యాను. తలుపు పడదు, పడితే రాదు. కానీ ఇంజను లారీది. టీ తాగుతున్న డ్రైవరుతో సహా ఇసుక లారీని లాక్కుపోయింది. యేసుదానం ఆ తుప్పును ముద్దు పెట్టుకున్నాడు. పీడ విరగడైందని వీర్రాజు దండం పెట్టుకున్నాడు.

వారం తిరిగాక బండి కాగితాలివ్వడానికి వెళితే, "అప్పికొండ సముద్రం ఒడ్డుకెల్లారు," అంది యేసుదానం భార్య ఆరోగ్యమ్మ.

ఒడ్డున ఇసుకలో వ్యాను. దానికి లావుపాటి మోకుతో కట్టిన చేపల పడవ. లోపల మంచం మీద, కాలికి సిమెంటు కట్టుతో దాలయ్య అనే జాలరి. కిటికీలోంచి తల బయటపెట్టి తిడుతున్నాడు.

"ఇది పడవరా, నీ క్రేనుకేలాడే ఇనపముద్ద కాదు! మెల్లగా!"

"సిత్తం దొరా," అన్నాడు స్టీరింగు దగ్గరున్న యేసుదానం.

వీర్రాజు నోరు తెరిచాడు. దాలయ్య పెళ్ళాం జోగమ్మ నవ్వింది.

"కాలిరిగి మంచమెక్కినకాడ్నుంచి, సముద్రం కనపడ్డంలేదని కూడు మానేశాడు బాబూ. నా తమ్ముడొక్కడే యేటకెల్తన్నాడు, తిరిగొస్తే పడవ లాగే దిక్కులేదు. ఈయనకి సముద్రం సూపించడం, పడవ లాగడం, రెండూ యేసుదానం బావ ఒక్క బండితో సేత్తన్నాడు."

"ముందే సెప్పొచ్చు గదా బావా?" అన్నాడు వీర్రాజు.

"సెప్తే మంచి బండి సూపించేత్తావు. నాకు లాగే బండి కావాల," అన్నాడు యేసుదానం.

ఇంతలో పడవ పక్కకు ఒరిగింది.

"ఆ బూట్లోడెవుడు, సోద్యం సూత్తన్నాడు? పట్టుకోమను!" అని దాలయ్య గావుకేక పెట్టాడు.

వీర్రాజు కాగితాలు చొక్కాలో దోపి, అందరినీ కలిపి తిట్టుకుంటూ, పడవకు భుజం ఆనించాడు. కెరటం వచ్చి బూట్లు నింపింది. ఎడమ బూటులో పీతపిల్ల కూడా దూరింది. అయినా వీర్రాజు పడవను వదల్లేదు.