మేనత్త పెదవి మీద పొక్కు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను సింగపూరులో బెడోక్‌లోని ఒక మందుల షాపుకు సీనియర్ ఫార్మసిస్టుగా వేశారు. అక్కడ ఒక అరలోని మందులను డాక్టరు చీటీ లేకుండానే ఇవ్వవచ్చు, కాని ఫార్మసిస్టు స్వయంగా ప్రశ్నలు అడిగాకే. పెదవి మీద లేచే జ్వరపు పొక్కుల క్రీము ఆ అరలోదే. ఎవరికి, ఎన్నాళ్లుగా, ఇంట్లో చంటిపిల్లలున్నారా అని అడగాలి. కొత్తవాళ్లు ఒక్కటి మరిచినా నేను ఊరుకునేదాన్ని కాదు.

ఒక శనివారం పొద్దున సుజాత అనే ఆవిడ వచ్చి పెదవి చూపించింది. అంచున నీటిపొక్కులు గుత్తిగా ఉన్నాయి. "నిన్న రాత్రి విమానంలో మొదలైందండి, ఏదో పురుగు పాకినట్టుంది. సున్నం రాద్దామంటే మా తమ్ముడింట్లో లేదు" అంది. లేకపోవడమే మంచిదైంది, సున్నం చర్మాన్ని కాలుస్తుందన్నాను. ఇది పురుగు కాదు, వైరస్ అని చెప్పి, క్రీము రోజుకు ఐదుసార్లు దూదిపుల్లతో రాయమన్నాను. పొక్కు గిల్లకూడదు, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, తువ్వాలు, గ్లాసు విడిగా పెట్టుకోవాలి. తనది కాకినాడ అంది, మాది రామచంద్రపురం అన్నాను. ఇంకేముంది, కబుర్లే కబుర్లు! "రేపు మా తమ్ముడి కూతురి బారసాల. తప్పకుండా రావాలి ఆంటీ" అని ఫ్లాటు నంబరు చెప్పి వెళ్లింది.

ఇంట్లో చంటిపిల్లలున్నారా అని అడగనే లేదని ఆవిడ వెళ్లిన పది నిమిషాలకు గుర్తొచ్చింది. మా వైపు చాలా ఇళ్లలో బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్తే. నెల తిరగని పసిగుడ్డుకు ఈ వైరస్ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. నా బుద్ధి గడ్డి తిన్నదా అని తిట్టుకున్నాను. ఫార్మసిస్టు లేనప్పుడు ఆ అరకు తాళం ఉండాలి. తాళం వేసి, క్యాషియరుకు చెప్పి, ఎండలో నాలుగు బ్లాకులు నడిచాను.

తలుపు సుజాతే తీసింది. "పాపను ముద్దు పెట్టుకున్నావా?" అని గుమ్మంలోనే అడిగాను.

"లేదండీ, ప్రయాణం చేసొచ్చి పసిదాన్ని ముట్టుకోకూడదని ఇప్పుడే స్నానం చేశాను. ఎత్తుకుందామనే వెళ్తున్నాను."

విషయం చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆ ఒక్క పేరు చెప్పడానికే కదండీ ఇంత దూరం వచ్చాను!" అంది. తమ్ముడు నవ్వేశాడు. "ఏం కాదులే ఆంటీ, మనిళ్లలో అందరికీ వచ్చేదే."

నాకు ఒళ్లు మండింది. పాప డాక్టరుకు ఫోను చెయ్యి, చేసేదాకా ఇక్కణ్నుంచి కదలనన్నాను. చేశాడు. డాక్టరూ అదే చెప్పాడు. చెక్కు రాలి చర్మం మానేదాకా పాప దగ్గరికి వెళ్లకూడదు. పాప పాలు మానేసినా, జ్వరం వచ్చినా, ఒంటిమీద పొక్కు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

సుజాత ముక్కు తుడుచుకుంది. "బారసాల వాయిదా వెయ్యరా. నేను సెలవు పొడిగించుకుంటాను. రెండు వారాలు పేరు లేకపోతే పిల్లకేం నష్టం?" అంది. తమ్ముడు పురోహితుడికి ఫోను కలిపాడు.

షాపుకు తిరిగొచ్చి పొరపాట్ల రిజిస్టరులో నా పేరే రాశాను. ముక్కూమొహం తెలియనివాళ్లను అడగడం నాకెప్పుడూ కష్టం కాలేదు. మన ఊరివాళ్లనగానే నోరు కబుర్లలో పడింది. పాపకు ఏమీ కాలేదు, కాని అందులో నా గొప్పేమీ లేదు. ఆవిడ ముందుగా స్నానానికి వెళ్లింది, అంతే.