వేణ్ణీళ్ళు తాగిన ముల్లంగి

ఢిల్లీలో ధౌలా కువా ఫ్లైఓవరు కింద మా ఆఫీసు క్యాబు కదలక మెదలక నిలబడిపోయిన మొన్నటి డిసెంబరు ఉదయాన, వెనక సీట్లో కూర్చున్న అమ్మాయి ఆకలికి ఆగలేక స్టీలు డబ్బా మూత తీసింది. ముల్లంగి పరాఠా. అద్దాలన్నీ బిగించి హీటరు వేసుకున్న కారులో ముల్లంగి వాసన వాసనలా ఉండదు, టికెట్టు లేని ప్రయాణికుడిలా వచ్చి మన ఒళ్ళో కూర్చుంటుంది. డ్రైవరు అద్దంలోంచి నన్ను అనుమానంగా చూశాడు, నేను పక్కనున్న మేనేజరుగారిని చూశాను, ఆయన కిటికీలోంచి దేశ భవిష్యత్తుని చూశాడు. నా నిర్దోషిత్వం చాటుకోవలసిన ఆ సమయంలో నేను మాత్రం కళ్ళు మూసుకుని, పాతికేళ్ళు వెనక్కి పోయి, నాలుగో తరగతి గది వెనకాల తడిమట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను.

అవి రెండు వేల సంవత్సరం వచ్చి ఇంకా కొత్త వాసన పోని రోజులు. ఢిల్లీ బస్సులు ఒక్కొక్కటే ఆకుపచ్చ రంగు వేయించుకుంటున్నాయి, మెట్రో కోసమని ఊరంతా తవ్విపోస్తున్నారు, మేము మాత్రం కాకినాడ వైపు నుంచి మోసుకొచ్చిన ఎండని పెట్టెలోంచి పైకి తీయడానికి వీల్లేక సర్కారీ క్వార్టర్లో వణుకుతున్నాం. మా నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమస్తా. నవంబరు మొదలైతే చాలు, ఆయన రెండు బనియన్లు, ఒక స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు, మెడకి మఫ్లరు, తలకి కోతిటోపీ తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరేవాడు. మనిషిగా వెళ్ళి పరుపుగా తిరిగొచ్చేవాడు. మా అమ్మకి ఢిల్లీ చలి వాతావరణం కాదు, మా కుటుంబం మీద ఎవరో పనిగట్టుకుని చేయిస్తున్న దాడి. దానికామె దగ్గరున్న ఆయుధం ఒక్కటే, వేణ్ణీళ్ళు. స్నానానికి వేణ్ణీళ్ళు, తాగడానికి వేణ్ణీళ్ళు, కాళ్ళకి వేణ్ణీళ్ళు, జలుబొస్తే వేణ్ణీళ్ళ ఆవిరి. పొద్దున్నే కుతకుతా మరిగిన నీళ్ళు నా స్టీలు ఫ్లాస్కులో పోసి, దానికి నాన్న పాత ఉన్ని మేజోడు తొడిగి, నా మెడలో వేసేది.

"బడిలో కొళాయి నీళ్ళు ముట్టుకున్నావని తెలిసిందా, కాళ్ళు విరగ్గొడతాను. ఈ చలి మనలాంటోళ్ళ కోసం కాదే అమ్మా," అనేది రోజూ.

మా బడి ఢిల్లీలో ఉన్న తెలుగు బడి. అందులో ప్రతి అమ్మదీ ఇదే మతం. అందుకే పొద్దున్న ప్రార్థనలో ముప్పై రెండు మంది నాలుగో తరగతి పిల్లలం ముప్పై రెండు రకాల మేజోళ్ళు తొడిగిన సీసాలతో, నోట్లోంచి పొగలు వదులుతూ, బొగ్గు రైలింజన్ల షెడ్డులా నిలబడేవాళ్ళం. నిజం చెప్పాలంటే ముప్పై ఒక్కమందిమి. ముప్పై రెండోవాడు బిట్టూ. వాళ్ళ నాన్నది విజయనగరం, అమ్మది ఢిల్లీయే. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలో వస్తుంది. జనవరిలో కూడా స్వెట్టరు నడుముకి కట్టుకుని తిరిగేవాడు, కొళాయి కింద నేరుగా నోరు పెట్టి తాగేవాడు. వాడికి న్యుమోనియా ఎప్పుడొస్తుందా అని మా అమ్మలందరూ ఎదురుచూసేవారు. వాడికి తుమ్ము కూడా వచ్చేది కాదు.

ఆ చలికాలం ఎంత బావుండేదో చెప్పాలంటే ముందు ఎండ గురించి చెప్పాలి. పదకొండు గంటలకి పొగమంచు చీల్చుకుని ఎండ రాగానే క్వార్టర్లలోని ఆంటీలంతా మంచాలు బయట వేసుకుని, నారింజ తొక్కలు ఒక వైపు, వేరుశెనక్కాయల పొట్టు ఇంకో వైపు కుప్పలు పోస్తూ, ప్రపంచంలోని గొర్రెలన్నిటికీ బట్టలు తిరిగిచ్చేస్తున్నట్టు ఊలు అల్లుతుండేవారు. మేము పెంకులు పేర్చి బంతితో కొట్టే పిఠ్ఠూ ఆడుతూ, మధ్యమధ్యలో బండివాడి దగ్గర బొగ్గుల మీద కాల్చి నిమ్మకాయ పిండిన చిలగడదుంప ముక్కలు పుల్లతో గుచ్చుకు తింటుండేవాళ్ళం. నాకు మాత్రం ఒక్క చోట కుదురుండేది కాదు. ఆట మధ్యలో వదిలేసి అన్నం వేళయిందా అని, అన్నం మధ్యలో లేచి ఆట అయిపోయిందా అని చూసొచ్చే రకం.

అలాంటిదాని చేతికి సరోజినీ టీచరు విత్తనాలిచ్చింది. ఆవిడది కరీంనగరు. దీపావళి సెలవలు కాగానే తరగతి గది వెనక, తోటమాలి హర్‌పాల్ భయ్యా మళ్ళు చేసిన నేలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస పంచి, వరసకి ఏడేసి ముల్లంగి గింజలు మా చేతే నాటించింది. క్రిస్మసు సెలవలకి ముందు శనివారం బడిలోనే పొయ్యి పెట్టి, పిల్లలు పండించింది పిల్లల చేతే వండిస్తానని, అమ్మలంతా వచ్చి తినాలని చీటీలు పంపింది. బిట్టూ వాళ్ళమ్మ ఆ శనివారానికి సెలవు కూడా అడిగేసిందట. వాడు అప్పట్నుంచి మోచేతి నుంచి వేళ్ళ దాకా చూపిస్తూ, "ఇత్‌నీ లంబీ హోగీ మేరీ మూలీ," అని, తన ముల్లంగి అంత పొడుగవుతుందని బడంతా చాటుతూ తిరిగాడు.

మొలకలు వచ్చాయి. రెండు ఆకులు నాలుగయ్యాయి. ఆ తర్వాత ముల్లంగి ఏం చేస్తోందో పైకి తెలియదు, అంతా భూమిలోపల రహస్యంగా జరుగుతుంది. రహస్యాలు నాకు పడవు. అందుకని రోజూ ఒక మొక్కని పైకి పీకి, వేరు ఎంత లావైందో చూసి, మళ్ళీ అదే గుంటలో గుచ్చి, పైన మట్టి సర్ది, ఏమీ ఎరగనట్టు నిలబడేదాన్ని.

"బేటా, రోజ్ నికాలోగీ తో బఢేగీ కైసే?" అని హర్‌పాల్ భయ్యా తలపట్టుకున్నాడు. రోజూ పీకితే ఎలా పెరుగుతుందన్నది ఆయన బాధ.

సరోజినీ టీచరు ఇంకా సూటిగా అడిగింది. "నిన్ను గిట్ల పొద్దుగాల్నే మంచంలకెల్లి గుంజి, ఎంత పొడుగైనవో సూసి, మల్ల పండవెడితే ఊకుంటవా బిడ్డా?"

డిసెంబరు మొదటి వారంలో నాన్న ఇంటికొచ్చి కోతిటోపీ తియ్యకుండానే చెప్పాడు. "ఆర్డరొచ్చిందే. గువాహటి. బుధవారం బండి."

ఏ బుధవారం అంటే, వంటల శనివారానికి మూడు రోజుల ముందు బుధవారం.

మా ఇంట్లో బదిలీ కొత్తేం కాదు. భోపాల్లో క్వార్టరు ముందున్న జామచెట్టు పూత పూసింది, మేము కాయ చూడకుండా వచ్చేశాం. నాగపూర్లో మెట్ల కింద పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది, అవి కళ్ళు తెరవకముందే మేము రైలెక్కాం. తొమ్మిదేళ్ళకే నాకు అర్థమైపోయింది, భారత ప్రభుత్వం నా వెనకే ఉండి, ఏదైనా పండబోతోందని తెలియగానే మా నాన్నకి కాగితం పంపుతుందని. ఈసారి మాత్రం ఊరుకోదల్చుకోలేదు. నా ఏడు ముల్లంగుల్లో ఒక్కటైనా, చిటికెనవేలంతదైనా సరే, నా నోట్లో పడ్డాకే ఢిల్లీ వదలాలి. ఇక రాత్రీ పగలూ అదే ధ్యాస. ఎక్కాలు చెబుతూ కాళ్ళు ఊపేదాన్ని, అమ్మ జడ వేస్తుంటే తల తిప్పేదాన్ని, సామాన్లు సర్దుతున్న పెట్టెల మీదెక్కి గెంతేదాన్ని.

మర్నాడు తోటలోకి వెళ్ళేసరికి నా వరస మీద తెల్లగా మంచు పేరుకుని, ఆకులు నేల కరుచుకుని ఉన్నాయి. చూడగానే నాకు రోగం అర్థమైంది. చలి. పాపం వీటికి అమ్మ లేదు, కోతిటోపీ లేదు, ఒంటి మీద నూలుపోగు లేదు, పైగా హర్‌పాల్ భయ్యా తెల్లారుజామున కొళాయి నీళ్ళు పోస్తాడు. ఇంకెలా పెరుగుతాయి? మెడలోంచి ఫ్లాస్కు తీసి, మూత విప్పి, ఏడు మొక్కలకీ మందులా తలా కొంచెం పోశాను. ఆవిరి లేచింది. మంచు కరిగింది. కాసేపటికి ఆకులు నిజంగానే తలెత్తాయి. వైద్యశాస్త్రంలో ఇంత త్వరగా గుణం చూపిన మందు ఇంకోటి లేదు.

ఆ వార్త రెండో గంట కొట్టేలోపే తరగతంతా పాకింది. తర్వాతి రోజు ప్రార్థన కాగానే ముప్పై ఒక్క మేజోళ్ళు ఊడాయి. మా అమ్మలు ఆంధ్రదేశపు నలుమూలల నుంచి తెచ్చుకున్న జ్ఞానమంతా, ముప్పై ఒక్క సీసాల లోంచి, సలసలా కాగుతూ ఆ మట్టిలోకి దిగింది. బిట్టూ ఒక్కడే సీసా లేక నా దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

"సుధా, థోడా సా దేదే నా."

"నా నీళ్ళు నా వరసకే చాలట్లేదు. మీ అమ్మనడుగు."

"మమ్మీ గరమ్ పానీ నహీఁ దేతీ." వాళ్ళమ్మ వేణ్ణీళ్ళు ఇవ్వదట.

"అయితే చావనీ," అన్నాను.

వాడు తన వరస పక్కన చేతులు కట్టుకుని నిలబడి, పచ్చి చలిలో వణుకుతున్న తన ఏడు మొక్కల్ని చూసి ముక్కు ఎగబీల్చాడు. పుట్టాక మొదటిసారి వాడికి జలుబు చేసిందనుకున్నాం. ఏడుస్తున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

శుక్రవారానికి ఆకులు పసుపు పచ్చనయ్యాయి. చలి ఎక్కువైందని మోతాదు పెంచాం. ఆదివారం ఎవరూ పొయ్యలేదు గనక సోమవారం రెండింతలు పోశాం. ఆ సోమవారం సరోజినీ టీచరు తోటలోకి వచ్చేసరికి మూడు మళ్ళూ యుద్ధం ముగిసిన మైదానంలా ఉన్నాయి. ఆకులు వడిలి, గోధుమరంగు తిరిగి, నేలకి అంటుకుపోయాయి. ఆవిడ వంగి నా వరసలో ఒక మొక్క పీకింది. పెన్సిలంత వేరు చేతిలో మెత్తగా వంగిపోయింది. వాసన చూసింది. తర్వాత మా సీసాల వంక చూసింది.

"శనివారం వండుదమనుకున్న," అంది. "మీరు గీడనే ఉడకవెట్టిండ్రు గద."

ముప్పై ఒక్క సీసాలు వీపుల వెనక్కి పోయాయి.

"ఎవరు మొదలువెట్టిండ్రు?"

ముప్పై వేళ్ళు నావైపు లేచాయి. నాది కూడా లేచింది, ఎటు చూపించాలో తెలియక నా మీదికే వంగింది. "బుధవారం మా బండి టీచర్, అప్పటికి పెరుగుతాయని," అనబోయి, సగంలో ఆపేసి, ఇద్దరు ముగ్గురు చేతులు పట్టుకున్నా ఆగకుండా గేటు దాకా పరిగెత్తి, గేటు మూసి ఉంటే మళ్ళీ వెనక్కి పరిగెత్తుకొచ్చాను. పారిపోవడానికి కూడా నాకు ఓపిక లేదు.

తిరిగొచ్చేసరికి అందరూ చివరి మడి దగ్గర మూగి ఉన్నారు. అక్కడ ఒకే ఒక్క వరస, కొళాయి నీళ్ళు తాగి, మంచులో తడిసి, మోకాలెత్తు ఆకులతో పచ్చగా నిగనిగలాడుతోంది. బిట్టూ దాని ముందు చేతులు చాపి కాపలా కాస్తున్నాడు. హర్‌పాల్ భయ్యా ఇంకో పది రోజులుంటే మోచెయ్యంత అవుతాయన్నాడు. శనివారం వాళ్ళమ్మ వచ్చేసరికి బాగానే ఉంటాయని, బడి మొత్తానికి ఇక అవే దిక్కని టీచరు అంది.

బిట్టూ నావైపు చూశాడు. నా ముక్కు, కళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

"టీచర్, కల్ పకాతే హైఁ," అన్నాడు. రేపే వండుదాం.

"రేపా? ఇంక సన్నగున్నయి బిడ్డా. మీ అమ్మ శనివారమొస్తది గద."

"సుధా తో బుధ్ కో జా రహీ హై." సుధ బుధవారమే వెళ్ళిపోతోంది కదా అని.

"గట్లయితే ఒక్కటి పీకు, చాలు."

మర్నాడు వాడు ఏడూ పీకేశాడు. ఒక్కొక్కటి వేలంత లావు, జానెడు పొడుగు, కడిగితే పాలరాయిలా తెల్లగా మెరిశాయి. వసారాలో కిరసనాయిలు పొయ్యి వెలిగించారు. మట్టి మేము కడిగాం, ఆకులు మేము తుంచాం, ముక్కలు టీచరు దగ్గరుండి కోయించింది, పెసరపప్పు ఒకరు పోశారు, పోపులో ఎండుమిర్చి వేసిన వాడికి దగ్గొచ్చింది, గరిట కోసం జరిగిన తన్నులాటలో రెండు చొక్కా గుండీలు తెగాయి. అంతమందికి ఏడు చిన్న ముల్లంగులు ఎలా సరిపోతాయి? ఆకులే ఎక్కువ, పప్పు దానికన్నా ఎక్కువ. తలా ఒక చెంచా వచ్చింది. నాకు మాత్రం వెళ్ళిపోతున్న పిల్లవని టీచరు నాలుగు ముక్కలు ఏరి వేసింది. పొగలు కక్కుతుంటేనే నోట్లో పెట్టుకుని, నాలుక కాల్చుకుని, నమలకుండా మింగి, ఇంకా ఉందా అని అడిగాను. గిన్నె అడుగున అంటుకున్నది కూడా గీకి నాకే పెట్టారు. అది కొంచెం చేదుగా, కొంచెం ఘాటుగా ఉంది. అంత రుచైన కూర ఆసేతు హిమాచలం ఎవరూ వండలేదని గువాహటి దాకా రెండు రోజులు రైలంతా చెప్పాను.

పోయిన నెల ఆ దారిన వెళ్తూ బడిలోకి తొంగి చూశాను. మళ్ళున్న చోట సిమెంటు పలకలు పరిచి, టీచర్ల కార్లు పెట్టుకుంటున్నారు. మా క్వార్టర్లు కూలగొట్టి పద్నాలుగంతస్తులు లేపుతున్నారు, ఎండలో మంచాలేసుకోవడానికి ఆ మనుషులూ లేరు, పైనుంచి కింద పడడానికి ఆ ఎండా లేదు. వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. చెబితే నవ్విపోతాడు. ఢిల్లీలో బిట్టూ అని కేకేస్తే సగం ఊరు వెనక్కి తిరుగుతుంది, వాడి అసలు పేరు హాజరు పట్టీలో ఏముందో నేనెప్పుడూ వినలేదు, వినేంతసేపు ఒక చోట కూర్చుంటే కదా.

వాడిని ఒక్కటే అడగాలి. ఆ రోజు వసారాలో నాకు నా పళ్ళెం బాగా గుర్తుంది, అందులోని నాలుగు ముక్కలూ గుర్తున్నాయి, గిన్నె గీకిన చప్పుడూ గుర్తుంది. వాడి చేతిలో పళ్ళెం ఉందో లేదో మాత్రం నేను చూడలేదు.