దారిలో ముందుగా పారేయవలసినవి

బదరీ యాత్రకు నేను వేసినన్ని పథకాలు, నిజంగా ఆ యాత్ర చేసినవాడెవడూ వేసి ఉండడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. అప్పుడు నేను నెల్లిమర్లలో పిల్లలకు భూగోళం చెప్పే మేస్టర్ని. రామతీర్థం కొండ తప్ప మరో కొండ ఎక్కిన పాపాన పోలేదు గాని, బడి అట్లాసు ముందేసుకుని హిమాలయాలను వేలితో దాటేసేవాణ్ణి. విజయనగరంలో రైలెక్కడం, కలకత్తా మీదుగా హరిద్వారం, అక్కణ్ణుంచి కొంత బస్సు, మిగిలిందంతా కాలినడక. ఏ కొండపల్లెలో రాత్రి ఆగాలి, ఏ కనుమ ఏ పూట దాటాలి, అన్నీ నోటుబుక్కులో గళ్లు గీసి మరీ రాశాను. ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకుంటుంటే ఒళ్లు పొంగిపోయేది.

మొక్కు మాత్రం మా అమ్మది. బదరిలో నాన్నకు నాచేత పిండం పెట్టించాలని ఆయన పోయిన ఏడాదే మొక్కుకుంది. అరవై దాటిన మనిషి. కాళ్లకు అలవాటు కావాలని ప్రతి ఏకాదశికీ నెత్తిన బియ్యం మూట పెట్టుకుని రామతీర్థం దాకా నడిచి వచ్చేది. దారిన పోయేవాళ్లు నవ్వితే తానూ నవ్వేది. అటుకులు దంచి, నిమ్మకాయ ఎండబెట్టి, వేసవికి రెండు నెలల ముందే మూటలు సిద్ధం చేసింది.

ఆ మూటల దగ్గరే నా పాండిత్యం ఆగిపోయింది. కొండదారిలో ఎంత బరువు మోయగలం? అట్లాసు చెప్పదు కదా. అప్పుడెవరో చెప్పారు, జూటు మిల్లులో పనిచేసే ఒకతను రంగం నుంచి కొండలు దాటి నడిచొచ్చాడని. బర్మాలోని రంగూన్ని మావైపు రంగం అంటారు. పొట్ట చేతపట్టుకుని ఇంటికొకరు వెళ్లేవారు అక్కడికి. యుద్ధంలో జపానువాళ్ల బాంబులు పడ్డప్పుడు ఓడ దొరకనివాళ్లంతా అడవుల్లో పడి నడిచారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుని అతనికి కబురు పెట్టాను.

ఆదివారం ఉదయం వచ్చాడు. బక్కపలచని మనిషి, నలభై లోపే. అరుగు మీద చాప ఉంది. కూర్చోమని నేను అనలేదు, అతను కింద నేలమీద కూర్చున్నాడు. నేను పరీక్ష పెట్టినట్టు మొదలుపెట్టాను. రోజుకెన్ని మైళ్లు నడిచారు, కాళ్లకు ఏం కట్టుకున్నారు, బియ్యం తడవకుండా ఏం చేశారు, జలగలకు మందేమిటి? అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. ఉప్పు గుడ్డలో కట్టి కాలికి రాసుకోమన్నాడు. తడిసిన బూటు కన్నా ఉత్త కాలే మేలన్నాడు. మంచివాణ్ణే పట్టానని నాలో నేనే మురిసిపోతూ పేజీలు నింపాను.

ఇక మోయలేమన్నప్పుడు ముందు ఏమేం పారేశారో వరసగా చెప్పమన్నాను. అతను చెప్తుంటే అంకెలు వేసి రాశాను. ఒకటి, కుట్టుమిషను. రెండు, ఇత్తడి బిందెలు. మూడు, పరుపు చుట్ట. నాలుగు, బియ్యంలో సగం. ఐదు అని అంకె వేసి, పెన్సిలు మొన నాలికకు తడిచేసుకుని, తరవాత అన్నాను. అతను నేలకేసి చూశాడు.

"అమ్మ" అన్నాడు. "పిల్ల బుజం మీదున్నాది బాబూ. ఇద్దర్నీ మొయ్యలేకపోనాను. సెట్టు కింద కూకోబెట్టి, నీలు తెత్తానని సెప్పి వొచ్చీసినాను."

అప్పటికే నా చెయ్యి రాసేసింది. ఐదు, అమ్మ. కావాలని రాయలేదు, ఒట్టు. ఎవరేం చెబితే అది రాసుకునే పాడు అలవాటు. అతనికి చదువు రాదు. కాగితం వైపు చూసి, "రాసీసినారా బాబూ?" అని అడిగాడు. లేదన్నాను. నోటుబుక్కు మూసేశాను. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు.

మా అమ్మ తలుపు చాటున నిలబడి అంతా విన్నదట. నా పెన్సిలు కదలడం కూడా చూసింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, తాను బదరికి రానని చెప్పింది. అతని మాటలకు భయపడ్డావా అంటే నా మొహంలోకి చూసింది.

"ఆడు ఏడుస్తూ వదిలీసినాడురా. నువ్వయితే కాగితం చూసుకుని వదిలీస్తావు."

దులిపేసుకోవడానికి వీల్లేని మాట. ఆ అటుకులన్నీ ఆవిడ ఇరుగుపొరుగు పిల్లలకు పంచిపెట్టింది. ఆ తరవాత ఏకాదశులకు రామతీర్థం వెళ్లడం మానేసింది. కొన్నేళ్లకు, ఆ మొక్కు తీరకుండానే పోయింది.

యాత్ర ఎందుకు మానుకున్నారని అప్పట్లో ఊళ్లో అందరూ అడిగేవారు. అమ్మ అన్న మాట ఎలా చెప్పను? ఆ మిల్లువాడు వచ్చి ఏవేవో చెప్పి ముసలావిణ్ణి బెదరగొట్టేశాడని చెప్పాను. ఒకరికి కాదు, అడిగినవాళ్లందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది.

ఆ మాట తిరిగి తిరిగి అతని చెవిన పడింది. పది రోజుల తరవాత వచ్చాడు. ఈసారి నేల మీద కూడా కూర్చోలేదు. తువ్వాలు నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నావల్ల అమ్మగారి యాత్ర ఆగిపోనాదంట. నోరు జారినాను బాబూ, తప్పయిపోనాది."

కాదని చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. లోపల అమ్మ ఉంది, వింటోంది. అయినా నేను ఏమన్నానో తెలుసా? సరేలే, అయిందేదో అయింది, ఇకమీదట ఆడవాళ్లు వినేచోట అలాంటివి మాట్లాడకు అన్నాను.

"అలాగే బాబూ" అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ తరవాత ఆ దారి సంగతి అతను ఎక్కడా ఎత్తలేదట, ఆనాడు భుజాన మోసుకొచ్చిన కూతురు పెద్దదై అడిగినా చెప్పలేదట.